చెరువుగట్టున మైకు లేని కచేరీ

మా మేనత్త పోయింది. పోయిన నెలలో ఒక శనివారం పొద్దున్న. ఆ సాయంత్రం కచేరీ ఉందని నేను మా కాలనీ చెరువుగట్టు పార్కులో దుమ్ము అణగడానికి నీళ్లు చల్లిస్తున్నాను. మా ఆవిడ ఫోను చేసి, "అత్తయ్యగారు లేవడం లేదండీ, ఒకసారి వచ్చెయ్యండి" అంది. ఆ గొంతులోనే మిగతాది తెలిసిపోయింది. కాఫీ తాగి, మళ్లీ కాసేపు నడుం వాల్చిన మనిషి అలాగే వెళ్లిపోయింది. ముఖంలో బాధపడిన గుర్తు ఏదీ లేదు. ఎనభై దాటిన మనిషి ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్లడం అదృష్టమేనని వచ్చినవాళ్లందరూ అన్నారు. నిజమే. కానీ ఆ సాయంత్రం పార్కులో వేసిన కుర్చీలు వేసినట్టే ఉన్నాయట. కబురు తెలియక వచ్చినవాళ్లూ, తెలిసి వచ్చినవాళ్లూ ఆ కుర్చీల్లో చీకటి పడేదాకా మాట్లాడకుండా కూర్చుని వెళ్లారట. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని మా పార్కు క్లబ్బువాళ్లు అడిగారు. నాకు రాయడం అలవాటు లేదు. మాది బెల్లం కొట్టు. తాతగారి కాలం నుంచీ అదే. అయినా ఆవిడ చేసింది ఆవిడతోనే పోకూడదని రాస్తున్నాను.

తాతగారి రోజుల్లో మా కొట్టు వెనక గదిలో ఒక నాటక సమాజం వాళ్లు అద్దెకుండేవారట. వాళ్ల హార్మోనిస్టు దగ్గర మా అత్త చిన్నప్పుడే హార్మోనియం పెట్టె నేర్చుకుంది. కోటవురట్ల దగ్గర రైతు కుటుంబంలో పెళ్లి చేసి పంపినప్పుడు మంచం, బిందెలతో పాటు హార్మోనియం కూడా బండెక్కింది. కోడలు పెట్టె వాయిస్తానంటే ఏమంటారోనని మా నాయనమ్మ భయపడిందట. ఏమీ అనలేదు సరికదా, చెరకు ఆడే రోజుల్లో సాయంత్రం బెల్లం పొయ్యి దగ్గర కూర్చుని వాయించమని అత్తగారే అడిగేదట. పాకం తిప్పేవాళ్లకి చెయ్యి నొప్పి తెలిసేది కాదట. నాలుగు చేల అవతల నీళ్లు కట్టుకుంటున్న మనిషి "నిన్నటిదే మళ్లీ వాయించమనండి" అని కబురు పెట్టేవాడట. ఈ మాట చెప్పేటప్పుడు మా అత్త కొంచెం గర్వంగా నవ్వేది. ఆవిడ తన గురించి చెప్పుకున్న గొప్ప ఇదొక్కటే.

మావయ్య పోయాక, రావికమతంలో టీచరుగా ఉన్న కూతురు తన దగ్గరికి రమ్మంది. మా అత్త వెళ్లలేదు. "నాకు నాలుగు మొకాలు కనబడాల, టౌనుకే పోతాను" అని మా మేడ మీద వాటాలోకి దిగింది. దిగిన వారంలోనే పార్కులో నడిచేవాళ్లందరి పేర్లూ ఆవిడకి తెలిసిపోయాయి.

అప్పటికి చెరువు చుట్టూ నడకదారి వేసి, ఒక ఒడ్డున పార్కు పెట్టి కొన్నాళ్లే అయింది. క్లబ్బు అంటే పొద్దున్న నడక, సాయంత్రం క్యారమ్ బోర్డు. ఏప్రిల్ వచ్చేసరికి పొద్దుగూకితే గానీ ఎవరూ ఇల్లు కదిలేవారు కాదు. అప్పుడు సముద్రం వైపు నుంచి గాలి తిరిగి, నీళ్ల మీదుగా పార్కులోకి వచ్చేది. ఒక మీటింగులో మా అత్త లేచి, ఇళ్లలో ఉడికిపోయే బదులు ఈ గాలిలో కూర్చుని శనివారం శనివారం నాలుగు పాటలు వింటే ఏం పోతుందని అడిగింది. అలా మొదలయ్యాయి మా వేసవి కచేరీలు.

మొదటి ఏడు ఒక చిన్న మైకు, ఆవిడ పెట్టె, ఇద్దరు ముగ్గురు పాడేవాళ్లు. తరవాత జనం పెరిగారు. జనంతో పాటు కీబోర్డులు వచ్చాయి, సినిమా పాటల ట్రాకులు వచ్చాయి, మనిషెత్తు స్పీకర్లు వచ్చాయి. మా అత్త హార్మోనియం ఆ హోరులో ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది. మేమంతా కచేరీ బ్రహ్మాండంగా పెరిగిందని సంబరపడ్డాం.

పార్కు గోడకి ఆనుకుని ఒక రిటైరైన హెడ్మాస్టరుగారి ఇల్లుంది. ఆయన భార్యకి పక్షవాతం వచ్చి ఒక పక్క చచ్చుబడిపోయింది, మాట కూడా సరిగా రాదు. ఆయన ఒకరోజు మా క్లబ్బు కమిటీ ముందుకి వచ్చి, శనివారం సాయంత్రమంటే ఆవిడ పొద్దుటి నుంచే బెంగ పెట్టుకుంటోందని, దయచేసి కచేరీలు ఆపమని అడిగారు. మావాళ్లకి కోపం వచ్చింది. అంతమంది సంతోషం ఒక్కరి కోసం మానుకోవాలా అన్నారు కొందరు. పర్మిషను ఉంది, ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోమన్నారు మరికొందరు. ఆయన నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

తరవాతి శనివారం కచేరీ మాంచి ఊపులో ఉండగా మా అత్త పెట్టె మూసి, చెప్పులేసుకుని ఆ ఇంటికి వెళ్లింది. చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

"మేష్టారు సెప్పింది నిజవేరా," అంది. "కిటికీ అద్దాలు ఒణికిపోతన్నాయి. ఆవిడ సెవులు మూసుకుందావంటే ఒక్క సెయ్యే పని సేత్తాది. ఒక సెవి మూసుకుంటే రెండోది అలాగే ఉండిపోద్ది."

నేను ఆ మనిషెత్తు స్పీకర్ల వైపు చూశాను.

"అయితే ఆపేద్దామా అత్తా?" అన్నాను.

"పాటెందుకు ఆపాల? మైకు తీసెయ్."

అదే మాట కమిటీలో చెబితే నవ్వారు. అంత జనానికి మైకు లేకుండా ఏం వినబడుతుందన్నారు. ఆవిడ పట్టు వదలకపోయేసరికి పాడేవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. కీబోర్డాయన కరెంటు లేకపోతే తన వాయిద్యమే పలకదన్నాడు, అది నిజమే. కచేరీలు ఇక ముగిసినట్టేనని అందరూ అనుకున్నారు. మా అత్త మాత్రం ఓ సాయంత్రం నన్ను అవతలి ఒడ్డున రోడ్డు మీద నిలబెట్టింది. తను ఇవతల నీళ్ల అంచున పీట వేసుకుని కూర్చుంది. గాలి కాస్త ఆగింది. చెరువు దాటి పెట్టె స్వరం నా దగ్గరికి వచ్చింది. సన్నగా, కానీ ఏ మెట్టు మీద వేలుందో చెప్పగలిగేటంత స్పష్టంగా. నేను చెయ్యెత్తి ఊపాను. అవతల ఆవిడ కూడా చెయ్యెత్తింది.

పెట్టె కుదిరింది. ఇక గొంతు కావాలి.

పూడిమడక నుంచి మా వీధిలోకి చేపలమ్మ వస్తుంది. ఆవిడ వీధి మొదట్లో కేకేస్తే ఆ చివర ఇంట్లో చేట పట్టుకుని బయటికి వచ్చేవారు. మర్నాడు పొద్దున్న మా అత్త ఆవిడ బుట్ట దింపించి మంచినీళ్లిచ్చి, వల లాగేటప్పుడు పాడే పాటలు వచ్చా అని అడిగింది. ఎందుకు రావంది ఆవిడ. అయితే శనివారం పార్కులో పాడాలంది మా అత్త. చేపలమ్మ ముందు నవ్వింది, తరవాత భయపడింది.

"అమ్మా, ఆ బాబులందరూ కుర్సీల్లో కూకుంటే నాను పాడాలా? నా దగ్గర సేపలోసనొత్తాది."

"పాటకి వాసనుండదు. రా" అంది మా అత్త.

ఆ శనివారం జనం బాగానే వచ్చారు. సగంమంది తమాషా చూద్దామనే వచ్చారని నా అనుమానం. మా అత్త వేదికని నీళ్ల అంచుకి దింపించి, కుర్చీలన్నీ గట్టు వాలు మీద అర్ధచంద్రాకారంలో దగ్గర దగ్గరగా వేయించింది. వచ్చి కూర్చుని, పెట్టె మెట్ల మీద చేతులు పెట్టి ఊరుకుంది. జనం మాట్లాడుకుంటున్నారు. ఆవిడ వాయించలేదు. ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఆవిడ ఇంకా వాయించలేదు. ముందు వరస చూసి నోరు మూసుకుంది, వెనక వరస ముందు వరసని చూసి మూసుకుంది. అప్పుడు పెట్టె తిత్తి కదిలింది.

చేపలమ్మ మొదటి చరణం తడబడింది. ఎదురుగా అన్ని ముఖాలు చూసేసరికి గొంతు లోపలికి పోయింది. మా అత్త తిత్తి వదిలి, ఆ చేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకుని నీళ్ల వైపు తిప్పింది. "అదిగో నీ సముద్రం. దానికి పాడు" అంది. వీపు మాకు పెట్టి, చెరువుకి ఎదురుగా నిలబడి ఆవిడ మళ్లీ ఎత్తుకుంది.

ఆ పాటని నేను వర్ణించలేను. బరువైనదేదో పదిమంది కలిసి లాగుతుంటే వచ్చే పాట అది. ఒక్క గొంతే పాడుతోంది, కానీ పక్కన ఇంకా ఎంతోమంది ఉన్నట్టే ఉంది. ఆ గొంతు చెరువంతా తిరిగి మా దగ్గరికి వచ్చింది. మా అత్త పెట్టె దాని వెనకే, ఎక్కడా ముందుకి తోసుకోకుండా నడిచింది. పాట అయిపోయింది. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. తోచాక ఆపడం ఎవరివల్లా కాలేదు. చేపలమ్మ ఇటు తిరిగి, అవి తనకేనా అన్నట్టు మా అత్త ముఖంలోకి చూసింది.

ఆ మర్నాడే హెడ్మాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. మళ్లీ ఏం తప్పు జరిగిందో అనుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని, ఇబ్బందిగా చేతులు నలుపుకున్నారు.

"ఏమీ అనుకోకండమ్మా, మా ఆవిడ ఒక కంప్లయింటు చెప్పమంది," అన్నారు. "నిన్న కిటికీ తీయించుకుని విన్నది. పాట బాగానే వినబడిందట. హార్మోనియం సరిగా వినబడలేదట."

మా అత్త పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "వినబడకపోతే దగ్గరికి రమ్మనండి" అంది. ఆ పై శనివారం చక్రాల కుర్చీ ముందు వరసలోకి వచ్చింది. మా అత్త బతికున్నన్నాళ్లూ ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వలేదు. కార్యక్రమం మొదలుపెట్టే ముందు ఆవిడ వైపు చూసి, ఆవిడ తల ఊపితేనే తిత్తి కదిపేది.

తప్పుకున్నవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. కీబోర్డాయన ఫ్లూటు నేర్చుకుని వచ్చాడు. కోటవురట్ల భజన బృందాలు వ్యానులో వచ్చేవి. కొత్తగా పాడేవాళ్లు గొంతు చించుకుంటుంటే మా అత్త ఆపించి, "అరవకు. నువ్వు తగ్గితే ఆళ్లే తగ్గుతారు" అనేది. అది ఎంత నిజమో నేను చాలా శనివారాలు చూశాను. పాడే గొంతు సన్నబడేకొద్దీ ఆ గట్టు మీద మనుషులు ముందుకి వంగేవారు.

ఆవిడ చాదస్తాలు కూడా చెప్పాలి. చిప్స్ పొట్లాలు గేటు దగ్గరే తీసేసుకునేది, కవరు గలగలలాడుతుందని. తాటి ముంజలకి మాత్రం అనుమతి ఉండేది, వాటికి చప్పుడు లేదు. ముంజలమ్మే మనిషి గేటు పక్కనే స్థిరపడిపోయాడు. ఎవరిదైనా ఫోను మోగితే వాయించడం ఆపేసి, "మాటాడుకో నాన్నా, మేం ఆగుతాం" అని నిజంగానే ఆగేది. అంతమంది ముందు ఆ మర్యాద భరించినవాడు రెండోసారి ఫోను తెచ్చేవాడు కాదు. ఎంత పెద్దవాళ్లు వచ్చినా శాలువాలు, సన్మానాలు ఒప్పుకునేది కాదు. అవి కప్పేలోపు ఇంకో పాట అయిపోతుందనేది.

ఆవిడ పెద్దకర్మ అయ్యాక కమిటీ కూర్చుంది. ఈ ఏటికి కచేరీలు చాలించడమే మర్యాద అని కొందరన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఆ పెట్టె ముందు ఇంకొకర్ని కూర్చోబెట్టి చూడటం నావల్ల కాదనుకున్నాను. అంతలో చేపలమ్మ బుట్ట లేకుండా, ఉతికిన చీర కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"శనివారం ఏ పాట ఎత్తుకోమంటారు బాబూ?" అని అడిగింది.

పాడాలా వద్దా అని అడగలేదు. ఏ పాట అని అడిగింది. వెంటనే కుర్చీలకి కబురు పెట్టాం.

ఆ శనివారం హార్మోనియం ముందు మా అత్త కూతురు కూర్చుంది. చిన్నప్పుడు నేర్చుకుని వదిలేసిన పెట్టె. తల్లి చేసినట్టే ముందు వరస వైపు చూసింది. చక్రాల కుర్చీలో పెద్దావిడ తల ఊపింది. చేపలమ్మ నీళ్ల వైపు తిరగలేదు, మా వైపు తిరిగే పాడింది. గట్టు మీద చోటు చాలక నడకదారి పొడుగునా మనుషులు నిలబడ్డారు.

పాట మధ్యలో ఉండగా అవతలి ఒడ్డున రోడ్డు మీద ఒక పెళ్లి ఊరేగింపు వచ్చింది. ముందు డీజే బండి, వెనక దీపాలు మోసేవాళ్లు, కారులో పెళ్లికొడుకు. ఆ హోరు దూరం నుంచే వినబడుతోంది. అంతా అయిపోయిందనుకుని నేను కళ్లు మూసుకున్నాను. చెరువు మొదలు దగ్గరికి వచ్చేసరికి ఆ హోరు ఉన్నట్టుండి ఆగింది. కళ్లు తెరిచి చూస్తే బండి ఆగలేదు, డీజే పాట మాత్రం కట్టేశారు. ఎవరూ వెళ్లి చెప్పలేదు. గంతులేస్తున్న కుర్రాళ్లు మామూలుగా నడుస్తున్నారు. ఆడవాళ్లు మాటలాపి ఇటు చూస్తున్నారు. పెళ్లికొడుకు కారు అద్దం దించి, తలపాగాతో సహా తల బయటపెట్టి వింటున్నాడు. చేపలమ్మ గొంతు వాళ్ల దాకా వెళ్తోంది. రంగురంగుల దీపాలన్నీ నీళ్లలో తలకిందులుగా, చప్పుడు లేకుండా, ఆ ఒడ్డంతా మెల్లగా నడిచి మలుపు తిరిగాయి.