ఎస్తేరమ్మ చూపుడువేలు

పొద్దు వాలగానే ఎస్తేరమ్మ అరుగు మీద చాప పరిచి, ఒక పక్క కొబ్బరాకుల మోపు, ఇంకో పక్క మనవరాలు క్రిస్టీనాని పెట్టుకుని కూచుంటుంది. కూతురు కువైట్‌లో ఉండడంతో ఒకటో తరగతి చదువు అమ్మమ్మ నెత్తిన పడింది. చేతులు చీపురుకి ఈనెలు తీస్తుంటాయి, చెవులు మాత్రం పాఠం మీదే. పిల్ల తడుముకుంటే "ఊఁ, కానీ" అని గదమాయిస్తుంది, గడగడా చదివితే మురిసిపోతుంది. ఇవాళ బళ్లో సుప్రియ టీచరు పిలిచి, "మామ్మగారూ, పాప చదవట్లేదండీ, అప్పజెబుతోంది. మధ్యలో ఏ మాట చూపించినా బిక్కమొహం వేస్తోంది. ఇంటి దగ్గర మీరే వేలు పెట్టి చదివించాలండి" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అని వచ్చేసింది.

సాయంత్రం ఈనెలు పక్కన పడేసి, పుస్తకం మీదికి వంగింది. క్రిస్టీనా తలూపుకుంటూ వేలు జరుపుతోంది. పేజీ అయిపోయి వేలు చాప మీదికొచ్చేసినా నోరు ఆగలేదు. ఎస్తేరమ్మకి తన వేలే గుర్తొచ్చింది. ఆదివారం చర్చిలో, నలుగురూ చూస్తారని, కంఠతా వచ్చిన పాట పాడుతూ పాటల పుస్తకం మీద తను జరిపే వేలు అచ్చం ఇలాగే ఉంటుంది. తనకి ఒక్క అక్షరం రాదు. ప్రతి ఆదివారం పక్కనే నిలబడి చూసేది ఈ పిల్లే.

"అలాక్కాదే అమ్మా" అంది.

"మరెలాగ అమ్మమ్మా? నువ్వు పెట్టు" అని క్రిస్టీనా తన వేలు అందించింది.

ఎస్తేరమ్మ ఆ వేలు పట్టుకుంది. ఎక్కడ పెట్టాలో తెలీక అలా పట్టుకునే కూచుంది.