మా అక్కవాళ్ల రాజుగారు

కువైట్‌లోని రుమైథియాలో నేను పనిచేసిన ఇంట్లో వంట నాది, పిల్లల పని ఇంకొకామెది. ఆమెది ఆఫ్రికా దక్షిణపు కొసకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న కొండల రాజ్యం. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆ మాట విని తనూ నన్నడిగి "చెల్లీ" అనడం నేర్చుకుంది. మిగతాదంతా అరబ్బీ, ఇంగ్లీషు కలిపి మేమిద్దరం తయారు చేసుకున్న భాష. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన రోజులవి.

"మాకు ఇల్లుంది" అని మనం చెప్పుకున్నంత మామూలుగా "మాకు రాజుగారున్నారు" అనేది అక్క. ఒక మధ్యాహ్నం మా యజమానురాలు వంటింట్లో టీ తాగుతూ అడిగింది. అక్కడ పనివాళ్లు ఇంటావిడను "మామా" అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం.

"మీ రాజు ఏం చేస్తాడు?"

"పార్లమెంటు తెరుస్తారు. చట్టాల మీద సంతకం పెడతారు. కరువొస్తే ఊళ్లకొచ్చి చూస్తారు. పార్టీలు కొట్టుకుంటే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు. పరిపాలన మాత్రం ఓట్లతో గెలిచినవాళ్లది."

"ఎవరినైనా జైల్లో పెట్టగలడా?"

"లేదు మామా."

"మంత్రిని తీసేయగలడా?"

"తనంతట తాను తీసేయలేరు."

మామా పకపకా నవ్వింది. "ఈ ఇంట్లో నాకున్నపాటి అధికారం కూడా లేదు. ఇంకేం రాజు? ఖలాస్!"

అక్క నవ్వలేదు. "మంత్రులు ఒక పార్టీవాళ్లు మామా. మా అమ్మ ఎవరికి ఓటేసినా రాజుగారు మాత్రం ఆమె రాజుగారే" అంది. నిజం చెప్పాలంటే నాకూ మామా మాటే సబబనిపించింది.

మామా చెడ్డది కాదు. తిట్టేది కాదు, కొట్టేది కాదు. మమ్మల్ని బయటికి పంపాలంటేనే ఆవిడకు భయం. అక్కడ సెలవు శుక్రవారం, చర్చి ఆరాధనా ఆ రోజే. వెళ్తామని అడిగితే "ఈ వారం కాదు, చుట్టాలొస్తున్నారు" అనేది. చుట్టాలు రాని శుక్రవారం ఆ ఇంట్లో ఉండేది కాదు.

ఒక రోజు ఉదయం ఇంటి ఫోను మోగింది. మాట్లాడి పెట్టేశాక మామా వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నిన్ను పిలుస్తున్నాడు" అంది అక్కతో.

"ఎవరు మామా?"

"మీ రాజు. కువైట్ వస్తున్నాడట. ఇక్కడున్న మీ దేశంవాళ్లందరినీ చూస్తాడట. మీ ఎంబసీవాళ్లు చేశారు."

అక్క చేతిలోని పాలసీసా గట్టు మీద పెట్టి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

మామాకు నమ్మకం కుదరలేదు. ఎంబసీకి తనే మళ్లీ ఫోన్ చేసి కనుక్కుంది. ఆ తర్వాత "నేనూ వస్తాను" అంది. చంటివాణ్ణి ఎత్తుకోవడానికి నన్నూ బయల్దేరమంది. అక్క తన పెట్టె అడుగు నుంచి ఉన్ని దుప్పటి తీసి, భుజాల చుట్టూ కప్పుకుని పెద్ద పిన్ను పెట్టుకుంది.

"ఈ ఎండలో ఉడికిపోతావక్కా!" అన్నాను.

"రాజుగారి ముందుకి దుప్పటి లేకుండా వెళ్తారా ఎవరైనా?" అంది.

హోటల్లో చిన్న హాలు. వచ్చినవాళ్లు కొద్దిమందే. ఎక్కువమంది మాలాగే ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. రాజుగారు లోపలికి వచ్చారు. నడివయసు మనిషి, పొడగరి. సూటు మీద ఆయనకీ అలాంటి దుప్పటే ఉంది. ఆయన్ని చూడగానే అక్క గొంతెత్తింది. రాజు కనబడితే ఆయన పూర్వీకుల ఘనత పాడాలట. ఇంట్లో రోజంతా పక్కమనిషికి కూడా వినపడనంత మెల్లిగా మాట్లాడే మనిషి, ఆ హాలు మారుమోగేలా పాడింది. మామా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పాట అయ్యేదాకా రాజుగారు తల వంచుకుని నిలబడి విన్నారు. తర్వాత దగ్గరికొచ్చి ఊరు అడిగారు, తండ్రి పేరు అడిగారు. ఆ కొండదారిలో గుర్రం మీద వెళ్లానని కూడా వాళ్ల భాషలో చెప్పారని అక్క తర్వాత నాకు చెప్పింది.

"ఈమె?" అన్నారు నన్ను చూసి, ఇంగ్లీషులో.

"నా చెల్లెలు. ఇండియా" అంది అక్క.

ఆయన పక్కనున్న కుర్చీ తన చేత్తో జరిపారు. "బిడ్డ బరువుగా ఉన్నాడు. కూర్చోండి" అన్నారు.

నేను బిడ్డతో అలాగే నిలబడ్డాను. మా వైపు రాజుగారంటే పొలాలున్న కామందు. మా అమ్మ ఆయన చేలో నాట్లు వేసేది. ఎంత పనిమీద వెళ్లినా అరుగు కిందే నిలబడేవాళ్లం. అక్క నా చెయ్యి పట్టి లాగింది. కూర్చున్నాను. రాజుగారు ఇంకా నిలబడే ఉన్నారు.

అక్క మామాను కూడా పరిచయం చేసింది. ఆయన మర్యాదగా అడిగారు: "మా ఆడబిడ్డ మీ ఇంట్లో ఉంది, సంతోషం. శుక్రవారాలు చర్చికి వెళ్తోందా?"

"వెళ్తోంది" అంది మామా తడుముకోకుండా. "ప్రతి శుక్రవారం."

అక్క నేల చూపులు చూసింది. నేను చంటివాడి చొక్కా గుండీలు సర్దుతూ కూర్చున్నాను.

"చాలా మంచిమాట. వాళ్లమ్మకు కబురు చేస్తాను" అన్నారు రాజుగారు.

తిరిగి వస్తుంటే కారులో, ఇల్లు దగ్గరపడ్డాక మామా అడిగింది: "ప్రార్థన ఎన్ని గంటలకి?"

అక్క చెప్పింది.

"ఇద్దరూ వెళ్లండి. డ్రైవరు దింపుతాడు. రాజుగారికి మాటిచ్చాను."

వంటింట్లోకి వచ్చాక అక్క దుప్పటి మడతపెడుతూ, "చూశావా చెల్లీ! ఆజ్ఞ ఇవ్వలేదు. అడిగారంతే" అంది. ఆ గొంతులో ఉన్న గర్వం నాకూ అంటుకుంది. మేం ఆ ఇంట్లో ఉన్నంతకాలం, చుట్టాలొచ్చినా సరే, శుక్రవారం ఉదయం కారు వాకిట్లో సిద్ధంగా ఉండేది.

మొదటి శుక్రవారం ఆరాధన అయ్యాక చర్చి బయట నిలబడి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, రాజుగారు నాకు కుర్చీ ఏశారే!"

"ఏ రాజుగారే? మనూరాయనా, భీమారం ఆయనా?"

"కాదే, ఒక దేశానికి రాజుగారు. నిజం రాజుగారు."

అమ్మ మెల్లిగా అడిగింది: "మరి నువ్వు కూకున్నావా?"

"కూకున్నానే."

"గట్టిగా చెప్పవే. మీ పిన్ని కూడా ఇంటంది."

చుట్టూ జనం చూస్తున్నా లెక్కచేయకుండా, గట్టిగా మళ్లీ చెప్పాను.