రజియా ఖాలా ఖట్ట

ఒక మాటను చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. చిన్న మాటే. చెప్పడం మొదలుపెడితే నాలుగు ముక్కల్లో అయిపోతుంది. అయినా మా ఆయనకు చెప్పలేదు. పాస్టరు గారికి చెప్పలేదు. మోకరించి కళ్ళు మూసుకున్నప్పుడు కూడా చిల్లర పాపాలన్నీ ఒక్కొక్కటిగా ఒప్పుకుని, దీని దగ్గరికి రాగానే ఆమెన్ అని లేచేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

శంషాబాద్‌లో మేం కిరాయికి ఉన్న ఇంటికీ రజియా ఖాలా ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, గల్లీ అంతా ఆమెను అలాగే పిలిచేది. మా ఆయనది ఎయిర్‌పోర్టులో సరుకులెక్కించే పని. ఏ పూట ఇంట్లో ఉంటాడో తెలియదు, ఏ పూట ఆకలితో వస్తాడో తెలియదు. నేను తొండుపల్లి నుంచి కొత్తగా కాపురానికి వచ్చినదాన్ని. వంట అంతంత మాత్రం. అలాంటి రోజుల్లో పొద్దున్నే గోడ మీద గిన్నె పెట్టిన చప్పుడయ్యేది. "జర పట్టు బేటీ, కాలుతుంది" అనేది ఖాలా. మూత తీస్తే పచ్చగా, పొగలు కక్కుతూ ఖిచిడీ. పక్కన ఇంకో గిన్నెలో ఖట్ట.

అంత సులువైన వంట ఇంకోటి లేదు. ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, పసుపు చల్లి, బియ్యం, ఎర్రపప్పు కలిపి మెత్తగా ఉడికిస్తే ఖిచిడీ. వేయించిన నువ్వులు, పల్లీలు నూరి చింతపండు రసంలో కలిపి, పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు, కొత్తిమీర వేసి, ఎండుమిర్చితో తాలింపు పెడితే ఖట్ట. మన పచ్చిపులుసుకు దగ్గరి చుట్టం. ఉడికించే పని లేదు, చల్లగానే పోసుకుంటారు. అప్పడం ఉంటే పండగ, లేకపోయినా పండగే. గల్లీలో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఎవరు పోయినా ముందు చేరేది ఖాలా గిన్నె. పిల్లలు గడపల మీద కూర్చుని వేళ్ళు నాకుతుంటే పైన విమానాలు కిందికి దిగుతూ ఉండేవి. ఒక్కరూ తలెత్తి చూసేవాళ్ళు కాదు.

గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. నేను సర్వపిండి ముక్కో, క్రిస్మస్‌కైతే గులాబీ పువ్వుల పిండివంటో వేసి ఇచ్చేదాన్ని. నా సర్వపిండి చెప్పు అట్టలా ఉండేది. ఖాలా కొరికి, నమలలేక నమిలి, "మస్తుగుంది" అనేది. అదీ అబద్ధమే. కానీ ఆమె ఆడిన అబద్ధం వేరు, నేను ఆడింది వేరు.

మా ఇంట్లో మొదటిసారి గృహ ప్రార్థన పెట్టుకున్నాం. పాస్టరు గారు, సంఘస్తులు వస్తారు. బుద్వేల్ నుంచి మా బావగారు, తోడికోడలు వస్తారు. మా తోడికోడలికి నా వంటన్నా, మా కిరాయి ఇల్లన్నా చిన్నచూపు. ఆ ఒక్క సాయంత్రం ఆమె నోరు మూయించాలని నా ఆరాటం. ఖాలాను అడిగాను. "ఖిచిడీ నువ్వు చెయ్యి, ఖట్ట నాకు వదిలెయ్" అంది. పొద్దున్నే చేసి తెచ్చింది. దేంట్లో తెచ్చిందనుకున్నారు? రంగు డబ్బాలో. ఇళ్ళకు రంగులేశాక మిగులుతుందే, ఆ తెల్ల ప్లాస్టిక్ డబ్బా. అంతమందికి సరిపడా పెద్ద గిన్నె ఆమెకు లేదు పాపం. తళతళలాడేలా తోమి, ఎండబెట్టి తెచ్చింది.

నాకు సిగ్గేసింది. తోడికోడలు మధ్యాహ్నానికే వస్తుంది, ఈ డబ్బా చూస్తుంది, ఇక నన్ను జన్మంతా దెప్పుతుంది. అటక మీద మా అమ్మ పెళ్ళికిచ్చిన ఇత్తడి గంగాళం ఉంది. దించి, బయట మెరిసేదాకా తోమాను. ఖట్టంతా అందులో ఒంపి మూత పెట్టాను. డబ్బాను పెరట్లోకి తోసేశాను.

గంగాళం లోపల కళాయి పూత ఎప్పుడో పోయింది. కళాయి పోయిన ఇత్తడిలో పులుపు పెడితే చిలుము దిగుతుంది. అది తింటే కడుపు చెడుతుంది. ఈ సంగతి మా అమ్మ నాకు పెళ్ళికి ముందే చెప్పింది, గంగాళం ఇస్తూ మళ్ళీ చెప్పింది. తెలియక చేశానని మీతో అనొచ్చు. మీరు నమ్ముతారు కూడా. కానీ నాకు తెలుసు. కాసేపే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. పొద్దున మూత పెట్టినదాన్ని సాయంత్రం దాకా తీయలేదు.

అందరూ తిన్నారు. మెచ్చుకున్నారు. తోడికోడలు కూడా రెండోసారి పోయించుకుంది. నేను గాల్లో తేలుతున్నాను. వాళ్ళు తిన్నాక నేను తినబోయి, అడుగున మిగిలినదాంట్లోంచి ఒక్క చెంచా నోట్లో పెట్టుకున్నాను. రాగి పైసా చప్పరించినట్టుంది. గంగాళం వంచి చూశాను. అడుగున పచ్చగా ఉంది.

అప్పుడైనా చెప్పొచ్చు. మళ్ళీ మూత పెట్టేశాను. కాసేపటికి వాంతులు మొదలయ్యాయి. ముందు పిల్లలు, తర్వాత మా తోడికోడలు, తర్వాత చాలామంది. దవాఖానకు పరుగులు. అక్కడ ఏం తిన్నారని అడిగితే, తోడికోడలు మంచం మీద నుంచే అంది: "బయటోళ్ళు చేసింది తెచ్చి పెడితె గిట్లనే అయితది. వాళ్ళు ఎట్ల చేస్తరో, దేంట్ల చేస్తరో." ఎవరో మా పెరట్లో రంగు డబ్బా చూశారు. అంతే. అందరికీ దొంగ దొరికినట్టయింది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఔననలేదు. కాదనలేదు. మా నాయనమ్మ ముట్టిన కుండలో నీళ్ళు తాగని మనుషులున్న ఊరు మాది. ఆ కథలు చెప్పి ఆమె ఏడుస్తుంటే ఆమె ఒళ్ళో తల పెట్టుకుని విన్నదాన్ని నేను. "వాళ్ళు ఎట్ల చేస్తరో" అన్న మాట ఎలా గుచ్చుకుంటుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? ఆ మాటను ఇంకో మనిషి మీదికి పోనిచ్చాను. ఇంటికొచ్చి చేసిన మొదటి పని గంగాళం తోమి, గోనెసంచిలో చుట్టి, మళ్ళీ అటక మీదికి ఎక్కించడం.

మర్నాటికి అందరూ తేరుకున్నారు. ఖాలా గోడ దగ్గరికి వచ్చింది. రాత్రంతా నిద్రపోనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా ఖట్టతోనేనా బేటీ?"

నేను గోడ మీది ఎండుటాకులు ఏరడం మొదలుపెట్టాను.

"జర నిజం చెప్పు. డబ్బతోని అయిందంటున్నరు. మసిలే నీళ్ళు పోసి కడిగిన నేను. అల్లా కసం."

"ఏమో ఖాలా. చింతపండు పాతదేమో."

"కొత్తదే బేటీ" అంది మెల్లగా. కోపం లేదు. నన్ను అనుమానించలేదు. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "ఇగ నా చేతిల బర్కత్ పోయినట్టుంది."

బర్కత్ అంటే ఏమిటో ఆమే నాకు నేర్పింది. ఇంతే వండినా అంతమందికీ సరిపోవడం. తిన్నది ఒంటికి పట్టడం. అది చేతికి దేవుడిచ్చేదట, మనది కాదట. దేవుడే వెనక్కి తీసుకున్నాడని ఆమె నమ్మింది. నేను నమ్మనిచ్చాను.

ఆ తర్వాత గోడ మీద గిన్నె చప్పుడు కాలేదు. మా ఇంటికే కాదు, గల్లీలో ఎవరికీ పంపలేదు. రంజాన్‌కు బజారు నుంచి ఖర్జూరాలు కొని పంచింది. ఖాలాకు వయసు మీద పడింది, ఓపిక లేదు అనుకున్నారు జనం. తల ఊపిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఎందుకు చెప్పలేదు? మొదట్లో తోడికోడలికి భయపడి. తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని అడుగుతారని భయపడి. ఆ తర్వాత? ఆ తర్వాత భయం కూడా లేదు. చెప్పకుండా బతకడం అలవాటైంది. మనిషికి ఎంత సిగ్గుమాలిన పనైనా అలవాటవుతుందా? నాకైతే అయింది.

కొన్నాళ్ళకు ఆమె షాద్‌నగర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అంతకుముందెప్పుడో గోడ దగ్గర నిలబడి ఆమె నేర్పిన వంట నా చేతికి వచ్చేసింది. ఆదివారం ప్రార్థనయ్యాక మా ఆయన తోటి పనివాళ్ళు ఇంటికొస్తారు. "అక్కా, గీ ఖట్ట నీలెక్క ఎవ్వలు చెయ్యరు" అంటారు. నవ్వుతాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పను. పేరు చెబితే కథ అడుగుతారు.

పోయినేడు షాద్‌నగర్ వెళ్ళినప్పుడు ఆమెను చూడకుండా రాలేకపోయాను. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి ఎంత సంతోషించిందో. మనవరాలితో చాయ్, బేకరీ బిస్కెట్లు తెప్పించింది. ఒకప్పుడు నన్ను తినకుండా గడప దాటనిచ్చేది కాదు. కాసేపు పాత గల్లీ మాటలు మాట్లాడుకున్నాం. తర్వాత గొంతు తగ్గించి అడిగింది:

"ఖట్ట చేస్తున్నవా బేటీ ఇంట్ల?"

"చేస్తున్న ఖాలా. నువ్వు నేర్పినట్టే."

"తిన్నోళ్ళు మంచిగనే ఉంటున్నరా?"

"మంచిగనే ఉంటున్నరు."

ఆమె పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలింది. "అల్‌హందులిల్లా. అయితె నేర్పినదాంట్ల తప్పు లేదు. నా చేతిదే."

ఇన్నేళ్ళూ ఆమె నా గురించి భయపడుతూ ఉంది. తను నేర్పిన వంట తిని నా ఇంట్లోవాళ్ళకు ఏమైనా అవుతుందేమోనని. నోటిదాకా వచ్చింది. ఖాలా, అది నేను, అనాలి. అంతలో మనవరాలు కప్పులు తీసుకోవడానికి వచ్చింది, ఆగిపోయాను. ఆ పిల్ల మీద నెట్టడం ఎందుకు? రాకపోయినా చెప్పేదాన్ని కాదు.

రేపు షాద్‌నగర్ బస్సెక్కి చెబుతావా అని మీరడిగితే మాటివ్వలేను. ఆమె క్షమిస్తుందని తెలుసు, అదే నాకు మరీ కష్టం. నన్ను సమర్థించే మాటేదీ మీ నుంచి నాకు వద్దు. ఆమె చేతికి ఏ లోపమూ రాలేదు. విషం కలిపింది నా డాబు, దాన్ని దాచింది నా నోరు. ఈ ముక్క ఇంతవరకు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. ఇప్పుడు అన్నాను. కాస్త ఊపిరాడుతోంది.