మెడ తిన్నగా ఉంది

శాలేమురాజు ఎలక్ట్రిక్ గిటారుకు పన్నెండు తీగలు. అవి లాగిన లాగుడికి వాటి కిందుండే చెక్క మెడ విల్లులా వంగితే, రేపల్లెలో బాణమేసి బాపట్లలో కొంగను కొట్టొచ్చు. అతను ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్కను చూసినట్టు వంపు చూసి, మెడలోని ఇనుపకడ్డీని స్పానరుతో బిగిస్తాడు. శ్రుతి చూడడం మాత్రం భార్య రిబ్కా చెవి పని. ఆమె పోయాక వంగిన మెడను అతను ముట్టుకోలేదు. సరిచేయాలంటే ఆమె శ్రుతి చేసి బిగించిన తీగల్ని వదులు చెయ్యాలి.

"ఆదివారం గుడిలో వాయించాలి బాబాయ్. ఇలాగే ఉంటే మెడ విరిగిపోద్ది," అంది చర్చి పాటల బృందంలోని జెన్నిఫర్. అతను తీగలు వదిలాడు, కడ్డీ బిగించాడు, మళ్లీ తీగలు లాగాడు. అలవాటుగా గిటారును వంటింటి గుమ్మం వైపు చాచి, "చూడవే," అన్నాడు. చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"శ్రుతి కుదిరిందా బాబాయ్?"

"మెడ తిన్నగా ఉందమ్మా," అన్నాడు.