కోడిపిల్లల పేగుబంధం

మందు పోసిన డాక్టరును అనుమానించి, మందులమ్మే బావను నమ్మినవాణ్ణి నేను. కోడికి బుర్ర చిన్నదంటారు. మా షెడ్డులో అందరికన్నా చిన్నది ఎవరిదో తరువాత తేలింది.

ఎనభైల మొదట్లో నందిగామ పక్కన నాకో కోళ్ల షెడ్డు ఉండేది. ఒకసారి తెచ్చిన పిల్లలన్నీ తెల్లటి పారుడు పట్టి రాలిపోయాయి. ఆ క్రిమి పేరు సాల్మొనెల్లా అన్నారు. పేరులో నెల ఉందే గాని, పిల్లల్ని వారం కూడా బతకనివ్వలేదు.

"ఈసారీ పోతే షెడ్డులో గేదెల్ని కట్టేస్తా" అని మా ఆవిడ తేల్చేసింది.

అప్పుడొచ్చాడు పశువైద్యంలో పరిశోధన చేసే డాక్టరొకాయన, పుల్లటి వాసనేసే మురికినీళ్ల సీసాతో. ఆరోగ్యంగా ఉన్న పెట్టల పేగుల్లోంచి తీసి పెంచిన మంచి క్రిములట.

"మెషీన్లో పుట్టిన పిల్ల తల్లి మొహం చూడదండి, తల్లి రెట్టా చూడదు. దాని కడుపు ఖాళీ ఇల్లు. మంచోళ్లని ముందే దింపితే చెడ్డోళ్లకి చోటుండదు. సగం పిల్లలకి ఇది తాగిద్దాం, సగానికి మామూలు నీళ్లు. వారం దాకా ఇంకే మందూ కలపొద్దు, ఈ క్రిములు చస్తాయి."

తల్లీబిడ్డలది పేగుబంధమంటే కోళ్లలో ఇలా ఉంటుందని నాకేం తెలుసు? జబ్బు పోవడానికి క్రిములు పోయడమేమిటి? సగానికే ఎందుకు? మిగతా సగం నావి కావా? ఆయన రెట్ట ఎత్తి గొట్టాల్లో దాచుకుంటుంటే, నా అనుమానం పొదిగి పిల్లల్ని కూడా లేపింది.

జగ్గయ్యపేటలో దాణా, మందుల కొట్టు నడిపే మా అక్క భర్తకు చెప్పాను.

"ఒరే బామ్మర్దీ, ఆయన ప్రయోగానికి నువ్వే పెద్ద పుంజువిరా!" అని నవ్వి, ఓ పొడి పొట్లం చేతిలో పెట్టాడు. "నీళ్లల్లో కలుపు. ఏ క్రిమైనా చావాల్సిందే. ఆయనకి మాత్రం చెప్పకు."

కలిపాను, రెండు వైపులా. బావ మాట నిజమే, ముందు చచ్చినవి మంచి క్రిములే. పొడి ఆపగానే రెండు వైపులా పారుడు మొదలైంది.

"మందు తాగిన వైపు ఇలా కాకూడదే. ఏమన్నా కలిపారాండి?" అన్నాడు డాక్టరు.

"అబ్బే" అన్నాను.

మా ఆవిడ ఖాళీ పొట్లం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "అబ్బే కాదండీ, ఇదీ."

ఆయన తిట్టలేదు, ఇంకోసారి చూద్దామన్నాడు. "ఇదే ఆఖరు" అంది ఆవిడ. ఈసారి పిల్లల నీళ్లు ఆవిడే పోసింది, నన్ను షెడ్డు గడప తొక్కనివ్వలేదు. సీసా మందు తాగినవి నిలబడ్డాయి, తాగనివాటిలో చాలా పోయాయి. గేదెలు బయటే ఉండిపోయాయి.

కొన్నాళ్లకు బావ కూడా పిల్లల్ని పెంచాడు. తన పొట్లాలన్నీ వాడి, అన్నిటినీ పోగొట్టుకుని, తెల్ల లాల్చీలో మా ఇంటికొచ్చాడు.

"రేపు కొత్త పిల్లలొస్తున్నాయిరా. ఆ మురికినీళ్లు కాస్త ఇప్పించు."

నా దగ్గర సీసా లేదు. అది లేనప్పుడు, ఆరోగ్యంగా ఉన్న కోళ్ల కింది పాత ఊక పరిచినా కొంత పనిచేస్తుందని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఓ గోనెసంచీ నింపి ఇచ్చాను.

"వాసనరా!"

"మంచోళ్ల వాసన బావా. చల్లబడితే చచ్చిపోతారు. ఒళ్లో పెట్టుకో."

సంచీ టాపు మీద వేస్తానన్న కండక్టరును నేనే వారించాను. జగ్గయ్యపేట బస్సు కదిలేలోగా ఆయన పక్క సీటూ ముందు సీటూ ఖాళీ అయిపోయాయి. బావ మాత్రం సంచీని పసిబిడ్డలా పొదువుకుని కూర్చున్నాడు.

ఒళ్లో పెట్టుకోవాలన్నది డాక్టరు చెప్పింది కాదు.