తొమ్మిది దాటాక, దానంతట అదే

మద్రాసు చెన్నైగా మారిన కొత్తలో నేను పురసవాక్కంలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. బట్టల షాపులకు బిల్లింగు ప్రోగ్రాములు తయారుచేసేవాళ్లం. ప్రోగ్రాము అందరికీ ఒకటే. దాన్ని ఫ్లాపీల నుంచి షాపు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు చివర్లో నడిచే స్క్రిప్టును, అంటే కంప్యూటరుకు ఇచ్చే చిన్న ఆదేశాల జాబితాను మాత్రం ఒక్కో షాపుకు ఒక్కో రకంగా మార్చాలి. ప్రింటరు ఏ రకం, బిల్లు పైన ఏ దేవుడి పేరుండాలి, ఇలాంటివి. ఆ పని మిగతావాళ్లకు విసుగు, నాకు మహా సరదా. ఊళ్లోవాళ్ల సంగతులన్నీ నాకే కావాలి మరి.

వాషర్‌మెన్‌పేటలో కొత్తగా బట్టలంగడి పెడుతున్న ఒకావిడ వింత కోరిక కోరింది. తరాలుగా అక్కడే ఉంటున్న తెలుగు కుటుంబం. భర్త పోయి ఏడాది దాటింది.

"సోమవారం తొమ్మిది దాకా రాహుకాలం నాయనా. అది పోయినాక మిషను దానంతట అదే మొదలు కావాల. ఎవురూ చెయ్యి పెట్టకూడదు."

"ఒక్క కీ నొక్కితే పోయేదానికి ఇదంతా ఎందుకక్కా?"

"చేస్తావా చెయ్యవా, అది చెప్పు పా."

చేశాను. తొమ్మిదయ్యేదాకా ఆగి, అప్పుడు ప్రోగ్రామును తెరిచేలా రాశాను. ఎందుకైనా మంచిదని, ఏదైనా కీ నొక్కితే వెంటనే తెరుచుకునేలా కూడా పెట్టాను. ఆవిడ అలా ఎందుకడిగిందో తెలియక మాత్రం బుర్ర వేడెక్కిపోయింది.

సోమవారం రాహుకాలం రాకముందే వెళ్లి ఇన్‌స్టాల్ చేసి కూర్చున్నాను. చుట్టాలంతా వచ్చారు, కాఫీలయ్యాయి. తొమ్మిది దాటింది, తొమ్మిదింబావు కూడా దాటింది. తెర మీద ఏమీ కదల్లేదు. చూద్దును కదా, మిషను లోపలి గడియారానికి బ్యాటరీ అయిపోయింది. దాని లెక్కలో ఇంకా తెల్లవారలేదు.

"ఏదైనా కీ నొక్కితే చాలు," అన్నాను.

ఆవిడ చేతులు కొంగులో దాచుకుంది.

"ముత్తైదువ ఎవురైనా రండమ్మా. వదిన చెయ్యి పెడితే ఏం బాగుంటాది?" అన్నాడు ఆవిడ మరిది.

అప్పుడు అర్థమైంది నాకు. భర్త పోయిన మనిషి మంచి పని మొదలుపెట్టకూడదంటారు. తన అంగడిని ఇంకొకరి చేత మొదలుపెట్టించడం ఆవిడకు ఇష్టం లేదు. అందుకే ఎవరి చెయ్యీ వద్దంది. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ నా మాట అక్కడ ఎవరికి కావాలి?

ఆవిడ తన మరిది వైపు చూడను కూడా చూడలేదు. ముందుకొచ్చి తనే కీ నొక్కింది. తెర మీద ఖాళీ బిల్లు తెరుచుకుంది. కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ మొదటి బిల్లు ఎవరు కొట్టించుకుంటారా అని నేను ఒక్కొక్కరి మొహమే చూస్తున్నాను.

మూల కుర్చీలోంచి ఆవిడ అత్తగారు లేచింది. పెద్దావిడదీ బోసి నుదురే.

"నాకొక జాకెట్టు గుడ్డ చించమ్మా," అంది కోడలితో. "బోణీ నాది."