బ్యాండు మాస్టారి ఓటు

ఉరుము అనేది అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పెద్ద డ్రమ్ము మెడకు తగిలించుకుని వీధి మొదట్లో ఒక్క దెబ్బ వేశాడంటే వీధి చివరింట్లో నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడి లేచేది. అలా పడింది ఆ పేరు. గొంతూ అంతే. రహస్యం చెప్పమంటే పక్కవాడి చెవి దగ్గర నోరు పెట్టి మరీ అరుస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆ ముక్క ముందే చెప్పేయడం మంచిది. కానీ ఒక్కసారి అనుమానం పుట్టిందా, ఇక అన్నం సహించదు, నిద్ర పట్టదు, పక్కనున్నవాళ్ళకీ పట్టనివ్వడు.

ఈసారి ఆ అనుమానం సొంత బావ మీదే పుట్టింది.

బావంటే అక్క మొగుడు. ట్రంపెట్ వాయిస్తాడు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క బ్యాండు మేళం ఆయనది. చిన్నా పెద్దా అందరికీ ఆయన మాస్టారే. పెళ్ళి ఊరేగింపైనా, శవయాత్రైనా, కొత్త దుకాణం తెరిచినా ముందు మాస్టారి ట్రంపెట్, వెనక క్లారినెట్ తాత, ఆ వెనక మిగతావాళ్ళు, అందరి వెనకా ఉరుము. ఎన్నికలొస్తే మాత్రం వాళ్ళకి ఊపిరాడేది కాదు. అన్ని పార్టీలకీ ఆ బ్యాండే గతి. పొద్దున ఒక రంగు టోపీ, మధ్యాహ్నం ఇంకో రంగు టోపీ. ఎర్రకోటు మాత్రం ఎప్పుడూ అదే, చంకల దగ్గర చెమటతో నల్లబడిపోయి.

అలాంటి ఒక మధ్యాహ్నం టీకొట్టు దగ్గర చిత్రం జరిగింది. బ్యాండు ఆగింది, అభ్యర్థి మైకు అందుకున్నాడు, జనం ఎవరిదారిన వాళ్ళు జారుకోవడం మొదలుపెట్టారు. టీకొట్టువాడు నవ్వి, "మాస్టారూ, జనం వచ్చేది మీ వెనక కదా, మధ్యలో ఈయనెందుకండీ?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వలేదు, గ్లాసు కింద పెట్టేసి ఆలోచనలో పడ్డాడు. ఆ వారంలోనే కౌన్సిలర్ పదవికి పోటీ చేస్తున్నానని ప్రకటించాడు, ఏ పార్టీ తరఫునా కాకుండా.

"ఇన్నాళ్ళూ అందరికీ బాకా ఊదాడు, ఇక సొంత బాకా ఊదుకుంటాడు కాబోలు" అని ఎగతాళి చేసినవాళ్ళు చేశారు. ఆయన ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఇంటింటికీ వెళ్ళి, గుమ్మం ముందు చెప్పులు విప్పి, "మీ అమ్మాయి పెళ్ళికి వాయించాను. మీ నాన్నగారిని సాగనంపిన రోజున వాయించాను. గుర్తుంటే ఓటెయ్యండి" అన్నాడు. అంతే. గుర్తులేకేం! ఏడుపు గొంతులో అడ్డం పడ్డ రోజున ముందు నడిచిన మనిషిని ఎవరు మర్చిపోతారు? గెలిచేశాడు. ఫలితం తెలిసిన మధ్యాహ్నం ఉరుము ఒళ్ళు మర్చిపోయి వాయించి డ్రమ్ము తోలు చింపేశాడు. అక్కని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు కూడా.

అయితే ఎన్నికలప్పుడు మాస్టారు ఒక మాటన్నాడు. గెలిస్తే బ్యాండుని క్లారినెట్ తాతకి అప్పగించేస్తానని. గెలిచాక తాత దగ్గరికి వెళితే ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. "నా వల్ల కాదు నాయనా. నాకు వినపడి చావదు, ఈ గోలంతా నేనెక్కడ చూసుకోను?" అన్నాడు. దాంతో బయటివాళ్ళకేమో మాస్టారు బ్యాండు వదిలేసినట్టు, లోపలేమో వాయిద్యాలూ ఆయనవే, కోట్లూ ఆయనవే, కూలీ ఇచ్చేదీ ఆయనే. ఇందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. అప్పటికింకా ఎవరికీ ఎవరి మీదా అనుమానం లేదు.

తర్వాత మందుల షాపాయన తెచ్చిన ప్రతిపాదన బయటపడింది. ఆయనా కౌన్సిలరే, పైగా సభలో పెద్ద జట్టు ఆయనదే. ఊరి వీధుల్లో బ్యాండు మేళాలు వాయించకూడదు, వాయిస్తే నాలుగ్గోడల మధ్య హాల్లో వాయించుకోవాలి, అదీ సంగతి. వాళ్ళమ్మ మంచాన పడి ఉందట, ప్రతి ఊరేగింపుకీ ఆవిడ గుండె అదిరిపోతోందట. నిజమే అయ్యుండొచ్చు. కానీ హాళ్ళలో పెట్టెల్లోంచి పాటలొస్తుంటే మనుషుల చేత వాయించుకునేది ఎవరు? వీధి పోతే బ్యాండు పోయినట్టే. ఉరుముకి డ్రమ్ము తప్ప ఇంకో పని చేతకాదు. ఒకసారి గోదాములో మూటలు మోయడానికి పోయి నాలుగు రోజులకే నడుం పట్టేసి తిరిగొచ్చాడు.

మా బావ ఉన్నాడు కదా లోపల అని మొదట్లో ధీమాగానే ఉన్నాడు. ఆ ధీమా ఒక సాయంత్రం కాంట్రాక్టరు ఇంటి ముందు ఆగిపోయింది. ఆ కాంట్రాక్టరు కూడా కౌన్సిలరే, మందుల షాపాయన జట్టులో మనిషి. వాళ్ళ గుమ్మం ముందు బావ స్కూటరుంది. కిటికీలోంచి బావ నవ్వు వినిపిస్తోంది. బావకి ట్రంపెట్ వాయించడం ఎంత బాగా వచ్చో నవ్వడం అంత రాదు, ఏ పెళ్ళివారింటి దగ్గరో పని పడినప్పుడు తప్ప నవ్వడు. మర్నాడు చూస్తే అదే స్కూటరు టీచరమ్మ ఇంటి ముందు. ఆవిడా కౌన్సిలరే, ఆవిడా ఆ జట్టే.

ఆగలేక అక్క ఇంటికి వెళ్ళాడు. ముందు గదిలో కొత్త సోఫా ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు.

"ఇదెక్కడిదే అక్కా?"

"కొట్లోది. ఎక్కడిదేంట్రా? వాయిదాల మీద కొన్నాం. వచ్చే పోయేవాళ్ళు కూర్చోవద్దూ?"

"ఎవరొస్తున్నారు, ఎవరు పోతున్నారు అనే నేనూ అడుగుతున్నా."

"ఒరేయ్, మీ బావ మీద ఏంట్రా నీకీ అనుమానం? కూర్చో, ముందు తిను."

అంతలో బావ వచ్చి భోజనానికి కూర్చున్నాడు. ఉరుము సోఫా అంచున, కవరు చప్పుడవకుండా, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. "బావా, ఆ ప్రతిపాదన సంగతేం చేస్తున్నావు?" అని అడిగాడు. బావ కంచంలోంచి తలెత్తకుండా, "చూద్దాంలే" అన్నాడు.

చూద్దాంలే! ఆ మాట ఉరుముకి తెలియనిదా? కూలీ పెంచమని కుర్రాళ్ళు అడిగితే చూద్దాంలే. ఫలానావాళ్ళ శుభకార్యానికి సగం రేటుకి వాయించమంటే చూద్దాంలే. బావ నోట్లోంచి ఆ మాట వచ్చాక పని జరిగిన పాపాన పోలేదు. "ఇంట్లోవాడిని, నాకైనా చెప్పు బావా" అని బతిమాలాడు. బావ మంచినీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుని, "నీ పని నువ్వు చూసుకోరా" అని లేచి వెళ్ళిపోయాడు. ఉరుమూ లేచాడు. అక్క వెనక నుంచి పిలుస్తున్నా వినిపించుకోకుండా వచ్చేశాడు.

ఆ కోపం మీదే ఉండగా దగ్గు మందు కోసమని ఆ షాపుకే వెళ్ళాడు. వెళ్ళకూడదు. కానీ ఆ వీధిలో ఇంకో మందుల షాపు లేదు. ఆయన ఎన్నడూ లేనిది స్టూలు జరిపి కూర్చోమన్నాడు. "నీ మీద నాకేం కోపం లేదయ్యా, మా అమ్మ కోసం చేస్తున్నా" అన్నాడు. తర్వాత సీసా మూత బిగిస్తూ, ఊరికే అడిగినట్టు, "అవునూ, మీ బావ బ్యాండు వదిలేశాడటగా. ఇప్పుడది ఎవరిది?" అన్నాడు.

"వదలడమా? బాగా చెప్పారు! వాయిద్యాలు ఆయనవి, కోట్లు ఆయనవి, మాకు కూలీ ఇచ్చేది ఆయన. బయటికి మాత్రం నాకేం సంబంధం లేదంటాడు. లోపల ఒకటి, బయట ఒకటి. అంతా అదే వరస!"

షాపులో మందులు కొంటున్నవాళ్ళందరూ తిరిగి చూశారు. మందుల షాపాయన మాత్రం తలాడించి సీసా చేతిలో పెట్టాడు. మనసులో ఉన్నది కక్కేశాక ఉరుముకి ఎంతో హాయిగా ఉంది. ఇంటికొచ్చి కడుపు నిండా తిని పడుకున్నాడు.

సభ రోజున ఉరుమూ క్లారినెట్ తాతా వెళ్ళి ప్రజలు కూర్చునే వెనక బెంచీ మీద కూర్చున్నారు. పెద్ద హాలు. గుర్రపు నాడాలా వంచిన బల్ల, ప్రతి సభ్యుడి ముందూ ఒక నీళ్ళ సీసా, ఒక మైకు. సగం మైకులు పనిచేయవు. తాతకి ఎలాగూ ఒక్క ముక్క వినపడదు, అయినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. బావ తెల్లచొక్కా వేసుకుని చివరి కుర్చీలో ఉన్నాడు. టీచరమ్మ ఆయన వైపు చూసి తల పంకించింది. ఆ పంకించడం ఉరుము కంట పడింది. అమ్మ బావా, అంతా మాట్లాడేసుకున్నారన్నమాట, అనుకున్నాడు.

ప్రతిపాదన చదవడం అయింది. మందుల షాపాయన లేచాడు. "ఓటుకి ముందు ఒక్క మనవి. సొంత వ్యాపారానికి సంబంధించిన విషయంలో సభ్యుడు ఓటు వేయకూడదని మన నిబంధన. మాస్టారిది బ్యాండు వ్యాపారం."

"వదిలేశానని చెప్పాను కదా" అన్నాడు మాస్టారు.

"వదల్లేదని మీ బావమరిదే చెప్పాడు. అదిగో, వెనక కూర్చున్నాడు. అడగండి."

హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. అధ్యక్షుడు కళ్ళద్దాలు సర్దుకుని, "ఏమయ్యా, నిజమేనా? ఆ బ్యాండు ఇప్పటికీ ఈయనదేనా?" అన్నాడు.

ఉరుముకి ఒళ్ళంతా చెమట పట్టింది. కానీ బుర్ర మాత్రం ఎన్నడూ లేనంత చురుగ్గా పనిచేసింది. బావ ఎటు ఎత్తుతాడు చెయ్యి? అటే, వాళ్ళ వైపే. కాంట్రాక్టరు ఇంట్లో నవ్వింది దేనికి మరి? బయటికి పంపించేస్తే వాళ్ళకి ఒక చెయ్యి తగ్గిపోతుంది. ఆ ఒక్క చెయ్యితోనే బ్యాండు బతికిపోవచ్చు. సొంత బావైతేనేం, ఇంతమంది పొట్ట కొడతానంటే ఊరుకుంటామా? లేచి నిలబడ్డాడు. మైకుతో పనే లేకుండా హాలంతా దద్దరిల్లేలా, "నిజమేనండీ! బ్యాండు ఆయనదే!" అన్నాడు.

మాస్టారు వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఊరేగింపు మధ్యలో డ్రమ్ము ఒక్కసారిగా ఆగిపోతే చూసే చూపది. కుర్చీ వెనక్కి జరిపి, నీళ్ళ సీసా అక్కడే వదిలేసి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఉరుము కూర్చుని, "చూశావా తాతా, ఎలా తరిమేశానో" అని తాత తొడ మీద చరిచాడు. తాత ఏదో మంచే జరిగిందనుకుని బోసినోటితో నవ్వాడు.

"ప్రతిపాదనకి అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. కాంట్రాక్టరు చెయ్యి లేవలేదు. టీచరమ్మ చెయ్యీ లేవలేదు. ఉరుము ముందుకి వంగాడు. వ్యతిరేకంగా ఉన్నవాళ్ళు ఎత్తండి అన్నాడు అధ్యక్షుడు. టీచరమ్మ అందరికంటే ముందు ఎత్తింది. కాంట్రాక్టరు మందుల షాపాయన వైపు చూడకుండా, కాస్త సిగ్గుపడుతూనే ఎత్తాడు. మందుల షాపాయన మొహం పాలిపోయింది. అధ్యక్షుడు లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఒక్క ఓటు తేడా. సమానంగా వచ్చి ఉంటే వీగిపోయేది. ప్రతిపాదన ఆమోదించడమైనది."

టీచరమ్మ లేచి సరాసరి వెనక బెంచీ దగ్గరికి వచ్చింది. "నువ్వేం మనిషివయ్యా? రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి, మా ఆయనతో కబుర్లు చెప్పి, బతిమాలి నన్ను ఒప్పించుకున్నాడు మీ బావ. కాంట్రాక్టరు గారినీ అంతే. మూడో చెయ్యి ఆయనది. ఆ చెయ్యి నువ్వే బయటికి పంపించావు" అని చరచరా వెళ్ళిపోయింది.

ఉరుము ఎలా లేచాడో, తలుపు దాకా ఎలా నడిచాడో అతనికే తెలియదు. నడవాలో బల్ల మీద మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎంత తేడా?" అన్నాడు.

"ఒకటి."

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. ఉరుము కాళ్ళ దగ్గర కూలబడి భోరుమన్నాడు. "నాకొక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది బావా? ఇంటికొచ్చి మరీ అడిగాను కదా!"

"నీకు చెప్తే పొద్దు గూకేలోపు ఊరంతా తెలిసిపోతుందనుకున్నా. తెలిస్తే ఆ ఇద్దరినీ వాళ్ళు మళ్ళీ లాగేసుకుంటారని భయపడ్డా." మళ్ళీ, "నువ్వు నన్ను నమ్మలేదు. నేను నిన్ను నమ్మలేదు. మనిద్దరికీ సరిపోయింది" అన్నాడు.

తాత తలుపు తోసుకుని గోడ పట్టుకుంటూ వచ్చాడు. మొహం ఇంకా నవ్వుతూనే ఉంది. "ఏమైంది నాయనా? అందరూ చేతులెత్తారు, బాగానే ఉంది. ఆదివారం పెళ్ళికి వాయిస్తున్నాం కదా? కోటు ఉతికించుకోవాలి" అన్నాడు.

మాస్టారు తల పక్కకి తిప్పుకున్నాడు. "నువ్వే చెప్పరా" అన్నాడు.

"వాయించట్లేదు తాతా" అన్నాడు ఉరుము.

తాతకి వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఇంకా దగ్గరికి వంగాడు. ఉరుము ఆ మాట రెండోసారి, గట్టిగా చెప్పాల్సి వచ్చింది.